1929 నేషనల్ బ్యాంక్ నోటు అరుదైనదో కాదో ఎలా తేల్చుకోవాలి?

మీకు దొరికింది 10 డాలర్ల నోటు, అమెరికాలో స్థానిక బ్యాంకుల పేరుతో వచ్చిన నేషనల్ బ్యాంక్ నోటు. మీద 1929 అని, గోధుమరంగు సీలు, ‘ఫస్ట్ నేషనల్ బ్యాంక్’ అన్న పేరు, కింద ఊరి పేరు ఉన్నాయని చెప్పి, అది అరుదైనదేనా అని అడిగారు. ముందు ఆ బ్యాంకు పేరుతో వెతకడం మానేయండి. అమెరికాలో ఆ పేరు బ్యాంకున్న ఊళ్లు కొల్లలు. పైగా ఒకే ఊళ్లో ఒక బ్యాంకు మూతపడి, దాదాపు అదే పేరుతో ఇంకోటి తెరిచినవీ ఉన్నాయి.

చూడాల్సింది చార్టర్ నంబరు, అంటే ఒక్కో నేషనల్ బ్యాంకుకి ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు నంబరు. నల్లసిరాతో నిలువుగా రెండుచోట్ల అచ్చయి ఉంటుంది. అది లేకుండా ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు (అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థలోది) పేరు ఉంటే అది వేరే జాతి నోటు. సీలు రంగు, సంవత్సరం ఒకటే కావడంతో చాలామంది ఇక్కడే పొరబడతారు.

1929 అన్నది సిరీస్ సంవత్సరం, అచ్చేసిన తేదీ కాదు. ఈ నోట్లు 1935 దాకా వచ్చాయి. వీటిలో రెండు రకాలు. మొదటి రకంలో చార్టర్ నంబరు నల్లగా మాత్రమే ఉంటుంది; సీరియల్ నంబరుకి ముందూ వెనకా అక్షరాలుంటాయి. ఆరు నోట్ల షీటు మొత్తానికి అంకె ఒకటే, ముందున్న అక్షరం మాత్రం ఎ నుంచి ఎఫ్ వరకు మారుతుంది. కాబట్టి ఒక్కో బ్యాంకుకి 000001 నంబరు నోట్లు ఒక్కో విలువలో ఆరేసి ఉంటాయి. రెండో రకంలో చార్టర్ నంబరు సీరియల్ పక్కన గోధుమరంగులో కూడా పడుతుంది, చివర అక్షరం ఉండదు, షీటులో అంకెలు వరసగా నడుస్తాయి. అందులో ఒక్కో విలువకి 1వ నంబరు ఒక్కటే.

ఇక అసలు పని. ఎన్ని అచ్చేశారన్నది కాదు, ఎన్ని మిగిలాయన్నదే ధరని నిర్ణయిస్తుంది. నేషనల్ కరెన్సీ ఫౌండేషన్ లెక్కల్లో ఆ చార్టర్‌కి నమోదైన నోట్లెన్నో చూడండి. తర్వాత హెరిటేజ్ అనే వేలం సంస్థ పాత ఫలితాల్లో అదే చార్టర్, అదే రకం, అదే స్థితిలో ఉన్నది ఎంతకి పోయిందో చూడండి. అమ్మకందారు అడుగుతున్న ధర లెక్కలోకి రాదు. శాన్‌ఫ్రాన్సిస్కో బ్యాంక్ ఆఫ్ అమెరికా, చార్టర్ 13044, లాంటి పెద్ద బ్యాంకు నోట్లు కావలసినన్ని దొరుకుతాయి. రెండు మూడే మిగిలిన చిన్న ఊరి నోటు నలిగిపోయినా దాని గిరాకీ దానిదే. బ్యాంకు చరిత్ర, క్యాషియర్, ప్రెసిడెంట్ల పేర్లు సొసైటీ ఆఫ్ పేపర్ మనీ కలెక్టర్స్ వాళ్ల వికీలో వెతకండి.

నోటుని కడగొద్దు, ఇస్త్రీ చేయొద్దు, చినుగుకి టేపు వేయొద్దు. కాగితం మీది అచ్చు ఉబ్బు అణిగిపోతే గ్రేడింగ్ చేసేవాళ్లకి (నోటు స్థితిని అంచనా కట్టేవాళ్లకి) ఇట్టే తెలిసిపోతుంది, ధర పడిపోతుంది. పీవీసీ కవరు కొన్నేళ్లకి జిగురు వదిలి నోటుని పాడుచేస్తుంది. మైలార్ (పాలియెస్టర్ ప్లాస్టిక్) కవరు వాడండి. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని పిన్ను రంధ్రాలు వెతకండి, ఫోటోల్లో అవి కనిపించవు. మామూలు బ్యాంకు నోటైతే గ్రేడింగ్ ఖర్చు కూడా రాదు, పంపకండి.