సూది వేసిన చోట వాపు రాకపోతే ఆవుకు క్షయ లేనట్టేనా?

ప్రశ్న: చెన్నై మాధవరం దగ్గర మాకు 6 జెర్సీ సంకర ఆవులున్నాయి. క్షయ పరీక్ష కోసం వాటి మెడ మీద సూది వేశారు. మూడో రోజున, పూటకు 7 లీటర్ల పాలిచ్చే పడుచు ఆవుకు వాపు కనబడింది. రెండు నెలలుగా దగ్గుతూ చిక్కిపోతున్న పెద్ద ఆవుకు మాత్రం ఏమీ రాలేదు. పరీక్ష తారుమారైందా? టీకా వేయించవచ్చా?

జవాబు: పరీక్ష తారుమారు కానక్కరలేదు. ఆ సూది ఊపిరితిత్తుల్లో జబ్బు ఎంత ఉందో చెప్పదు. క్షయ సూక్ష్మజీవిని ఆవు శరీరం ఇంతకుముందే ఎరుగునా అన్నది మాత్రమే చెబుతుంది.

పశువుల్లో క్షయ కలిగించే మైకోబాక్టీరియం బోవిస్‌కు ఒంటినిండా మైనం వంటి పూత ఉంటుంది. అది శ్వాసతో లోపలికి చేరగానే మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలు దాన్ని మింగుతాయి. వేరే సూక్ష్మజీవులైతే ఆ కణంలోని జీర్ణరసాలకు కరిగిపోతాయి గాని, ఇది ఆ రసాలను తన దగ్గరికి రానివ్వకుండా, తనను మింగిన కణంలోనే కాపురముండి పెరుగుతుంది. రక్తంలో తిరిగే ప్రతిరక్షకాలు కణం లోపలికి పోలేవు కనుక భారమంతా టీ కణాలనే ఒక రకం తెల్ల రక్తకణాల మీద పడుతుంది. అవి లింఫు గ్రంథుల్లో శత్రువును గుర్తుపట్టడం నేర్చుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ తరువాత అవి విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ గామా అందితేనే మాక్రోఫేజ్‌కు లోపలి జీవిని చంపే బలం వస్తుంది. చావనివాటి చుట్టూ కణాలు గోడ కట్టి గడ్డగా బిగిస్తాయి. శవపరీక్షలో అటువంటి ఆవు రొమ్ములోని లింఫు గ్రంథిని కోస్తే లోపల పసుపుపచ్చని జున్నుముక్క వంటి ముద్ద కనబడుతుంది, సున్నం పేరుకున్న చోట కత్తి ఇసుకలో దిగినట్టు కరకరమంటుంది. ఆ గోడ నిలిచినన్నాళ్లు ఆవు చక్కగా మేస్తుంది, పాలిస్తుంది. మీ పడుచు ఆవు ఈ దశలో ఉండవచ్చు.

ఆ సూదితో చర్మంలోకి ఎక్కించేది ట్యూబర్‌క్యులిన్, అంటే క్షయ సూక్ష్మజీవి నుంచి తీసిన ప్రొటీన్ల ద్రవం, 0.1 మి.లీ. దాన్ని ఎరిగిన టీ కణాలు అక్కడ గుమిగూడడం వల్లే వాపు వస్తుంది. అందుకే 72 గంటలు ఆగి చర్మపు మడతను కొలుస్తారు. మందం 4 మి.మీ. గాని అంతకు మించి గాని పెరిగితే క్షయగా లెక్కిస్తారు. అయితే జబ్బు బాగా ముదిరిన పశువులో ఈ టీ కణాల స్పందనే అణగారిపోయి వాపు రాకపోవచ్చు. సోకి కొద్ది వారాలే అయినా, ఆవు కొత్తగా ఈనినా, స్టెరాయిడ్ సూదులు పడినా ఇంతే. కాబట్టి వాపు రాలేదన్న ధైర్యంతో దగ్గే ఆవును మందలో ఉంచడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. దగ్గుకు వేరే కారణాలూ ఉంటాయి. అది క్షయే అని చూడకుండా అనలేను.

టీకా సంగతి. మనుషులకు వేసే బీసీజీ పుట్టింది పశువుల క్షయ సూక్ష్మజీవి నుంచే. కాల్మెట్, గెరాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు 1908 నుంచి 1921 వరకు దాన్ని మళ్లీ మళ్లీ పెంచి బలహీనపరిచారు. మీకు దగ్గరలోని గిండీలో 1948లోనే దాని తయారీ కేంద్రం వెలిసింది. అయినా పశువులకు అది పూర్తి రక్షణ ఇవ్వదు, పైగా టీకా పడిన ఆవుకు ఈ సూది పరీక్షలో వాపు వచ్చి అసలు జబ్బు తేలకుండా పోతుంది. అందువల్ల వేయించవద్దు.

రెండు ఆవులనూ నేడే వేరే పాకలోకి మార్చి, వాటి మేత తొట్టి, నీళ్ల బకెట్టు విడిగా ఉంచండి. దగ్గే ఆవు రక్తాన్ని ఇంటర్‌ఫెరాన్ గామా పరీక్షకు పంపడం గురించి వేపేరి పశువైద్య కళాశాలలో అడగండి. వాపు వచ్చిన ఆవుకు 60 రోజులు గడిచాక, పక్షుల క్షయ సూక్ష్మజీవి నుంచి తీసిన ట్యూబర్‌క్యులిన్‌ను కూడా పక్కనే వేసి పోల్చే పరీక్ష చేయించండి. మట్టిలోని హానిలేని మైకోబాక్టీరియాల వల్ల వచ్చిన వాపైతే అప్పుడు తెలుస్తుంది. క్షయ మందులు మాత్రం పశువుకు వాడవద్దు. ఈ రెండింటి పాలు అమ్మకండి, మిగిలినవాటి పాలు పొంగు వచ్చేదాకా కాచనిదే పిల్లలకు పట్టకండి. మీ ఇంట్లో గాని, పాలు పితికేవారిలో గాని రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారెవరైనా ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష చేయించుకోవాలి. ఈ జబ్బు పశువు నుంచి మనిషికే కాదు, మనిషి నుంచి పశువుకూ వస్తుంది.