మొండి గుర్రాన్ని కొట్టకుండా దారికి తేవడం సాధ్యమేనా?

సాధ్యమే, కాకపోతే అక్కడ పనిచేసేది ముద్దు చేయడం కాదు, సరైన క్షణంలో పట్టు వదలడం. గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు బలయ్యేది. కొత్తది ఏది కనిపించినా ముందు పరుగు, తర్వాతే ఆలోచన. కొడితే దాని కంటికి మనిషే పులి.

అందుకే గుర్రప్పిల్లకి మనిషి వెంట నడవడం నేర్పేటప్పుడు పగ్గాన్ని మెల్లగా బిగిస్తారు. అది ఒక్క అడుగు ముందుకు వేసిందా, వెంటనే వదులు చేస్తారు. పాఠం అందేది బిగింపులో కాదు, ఆ వదలడంలో. రెండు మూడు సెకన్లు ఆలస్యమైనా, ఏం చేస్తే హాయి దొరికిందో దానికి అర్థం కాదు.

జీను అలవాటు చేయడమే చూడండి. ముందు మెత్తటి గుడ్డను భుజానికి తాకిస్తారు. తల దించి, కుదురుగా నిలబడితే తీసేస్తారు. తర్వాతి రోజుల్లో జీను, ఆపైన పొట్ట కింద పట్టీ, అదీ కొంచెం కొంచెంగా బిగిస్తూ. మనిషి ఎక్కడం అన్నిటికన్నా చివర.

కదలకుండా నిలబడితే లొంగిపోయిందని చాలామంది పొరబడతారు. కళ్ళు పెద్దవి చేసి, మూతి బిగించిన గుర్రం భయంతో కొయ్యబారి ఉండొచ్చు. అలాంటిదే ఉన్నట్టుండి తంతుంది. ఇక, నిన్నటిదాకా బాగున్నది హఠాత్తుగా మొండికేస్తే పొగరు అనేయకుండా ముందు వీపు, పళ్ళు పశువైద్యుడికి చూపించాలి.