ఆ ఆరేళ్ళు ఎక్కడ, తమ్ముడూ?

తమ్ముడూ,

నీ వ్యాసం మొదటి వాక్యం మీదే ఎర్ర పెన్నుతో అడ్డగీత కొట్టాను, ఏమీ అనుకోకు. "రగ్బీ అంటే మన కబడ్డీకి పెద్దన్న లాంటిది" అని ఎత్తుకున్నావు. కబడ్డీలో బంతే ఉండదు కదయ్యా! నువ్వు రాస్తున్నదేమో ఐర్లాండ్ రగ్బీ ఆటగాడు, తర్వాత కోచ్ అయిన రోనన్ ఓగారా గురించి. పదహారేళ్ళు బంతిని కాలితో తన్ని బతికిన మనిషి అతను. మనవాళ్ళకి ఈ ఆట తెలీదన్న టెన్షన్‌లో ఇలాంటి పోలికలు పుడతాయి. నేనూ పుట్టించాను, ఒకటి కాదు, పది.

అయినా మరీ అంత తెలీని ఆటేం కాదులే. 2025లో ముంబైలో రగ్బీ ప్రీమియర్ లీగ్ పెట్టినప్పుడు హైదరాబాద్ హీరోస్ అని మన ఊరి పేరుతో ఒక జట్టు ఆడింది. ఏడుగురు ఆడే రగ్బీలో న్యూజిలాండ్‌కి కెప్టెన్‌గా చేసిన డి.జె. ఫోర్బ్స్ అప్పుడు దానికి కోచ్. అదీ ఆటగాడు కోచ్ అయిన కథే, ఎప్పుడైనా రాయి. ఇక్కడ పాఠకుడికి నాలుగు ముక్కలు చెబితే చాలు. బంతిని అవతలి గీత దాటించి నేలకి ఆనిస్తే ట్రై, ఐదు పాయింట్లు. ఆ వెంటనే కాలితో కొట్టి రెండు స్తంభాల మధ్య నుంచి పంపితే ఇంకో రెండు. అవతలివాళ్ళు తప్పు చేస్తే పెనాల్టీ, దాన్ని స్తంభాల మధ్యకి కొడితే మూడు. ఆట నడుస్తుండగానే చేతిలోంచి బంతి వదిలి, అది నేలకి తగిలి లేచే క్షణంలో తన్ని స్తంభాలు దాటిస్తే డ్రాప్ గోల్, అదీ మూడే. చేత్తో పాస్ ఇస్తే పక్కకో వెనక్కో ఇవ్వాలి, ముందుకి కుదరదు. ఇంతకంటే ఎక్కువ చెబితే చదివేవాడు పేజీ తిప్పేస్తాడు.

రెండో పేరా అంతా లెక్కలు నింపావు. ఐర్లాండ్‌కి 128 మ్యాచ్‌లు, 1,083 పాయింట్లు, సొంత క్లబ్ మన్‌స్టర్ జట్టుతో 2006లో, 2008లో యూరప్ క్లబ్బులు ఆడే హైనకెన్ కప్పు. తప్పులేవీ లేవు, సరిచూశాను. కానీ లెక్కని తెచ్చి పళ్ళెంలో పెట్టేసి వెళ్ళిపోయావు. కాస్త కెలికి చూడు. ఆ 1,083లో అతను పరిగెత్తి సాధించిన ట్రైలు 16, అంటే 80 పాయింట్లు. మిగిలిన వెయ్యీ మూడూ కాలితో వచ్చినవే. ఇప్పుడు ఇదే మనిషి కోచ్ అయి, ఫ్రాన్స్‌లో లా రోషెల్ జట్టుకి ఏం నేర్పాడు? కె.బి.ఎ. అని మూడక్షరాలు. కీప్ బాల్ అలైవ్. బంతిని చావనివ్వకండి, తన్ని పారేయకండి, పడిపోతూ కూడా పక్కవాడి చేతిలో పెట్టండి. బతుకంతా బంతిని తన్నినవాడు తన్నకండ్రా అంటున్నాడు! నీ వ్యాసం ఇక్కడ ఉంది. నువ్వేమో దాని మీంచి బస్సెక్కి వెళ్ళిపోయావు.

"ఆట నుంచి రిటైరయ్యాక కోచ్‌గా మారి విజయాలు సాధించాడు" అని రాశావు. అతను ఆడటం మానేసింది 2013లో. లా రోషెల్‌కి వెళ్ళింది 2019లో. నీ వాక్యంలో "మారి" అన్న రెండక్షరాల మాట ఉంది చూశావా, ఆ ఆరేళ్ళూ దాని కింద పడి నలిగిపోయాయి.

ముందు 2009 సంగతి తేలుద్దాం, దాన్ని కూడా నువ్వు సగమే వాడుకున్నావు. మార్చి 21న కార్డిఫ్‌లో వేల్స్‌తో మ్యాచ్. ఇంకొన్ని నిమిషాల్లో అయిపోతుందనగా వేల్స్ 15-14తో ముందుకొచ్చింది. ఐర్లాండ్ ఫార్వర్డ్‌లు బంతిని గుద్దుకుంటూ గుద్దుకుంటూ స్తంభాల ముందుకి తెచ్చారు. అక్కడి నుంచి స్కూలు రోజుల స్నేహితుడు పీటర్ స్ట్రింగర్ వెనక్కి పాస్ ఇచ్చాడు, ఓగారా డ్రాప్ గోల్ కొట్టాడు. 17-15. చివరి తన్ను మాత్రం వేల్స్‌ది. స్టీఫెన్ జోన్స్ సగం మైదానం దగ్గర్నుంచి కొట్టిన పెనాల్టీ స్తంభాల దాకా చేరకుండానే కిందికి దిగింది. ఆ ఏడాది సిక్స్ నేషన్స్ అనే ఆరు దేశాల టోర్నీలో ఐర్లాండ్ అన్ని మ్యాచ్‌లూ గెలిచింది, 1948 తర్వాత అదే మొదటిసారి. నువ్వు ఇక్కడిదాకా బాగానే రాశావు. డ్రాప్ గోల్ దగ్గర చదువుతుంటే నా కాలు కూడా కదిలింది, నిజం.

మన దగ్గర అప్పుడు రాత్రి ఒంటిగంట. సిటీ ఎడిషన్ పేజీ వదిలే టైం. నేను డెస్క్‌లో ఉన్నాను. ఏజెన్సీ కాపీ లాగి గబగబా తెలుగు చేసి, పేరు "రోనన్ ఓ గారా" అని విడగొట్టి పంపాను. ప్రూఫ్ చూసే పెద్దాయన అదేదో మర్యాద మాటలో అచ్చుతప్పు అనుకున్నారు. తెల్లారి పేపర్లో "రోనన్ ఓ గారు అద్భుత కిక్" అని వచ్చింది. నెలరోజులు మా ఆఫీసులో నన్ను "ఓ గారూ" అనే పిలిచారు.

సరే. మే 2న డబ్లిన్ క్రోక్ పార్క్‌లో హైనకెన్ కప్పు సెమీఫైనల్. మన్‌స్టర్, లెన్‌స్టర్ రెండూ ఐరిష్ జట్లే. చూడ్డానికి 82 వేలమందికి పైగా వచ్చారు. లెన్‌స్టర్ 25-6తో చితక్కొట్టింది. మధ్యలో గాయపడినవాడి బదులు దిగిన కుర్రాడు జానీ సెక్స్‌టన్, తమవాళ్ళు ట్రై చేయగానే, నేలమీద పడి ఉన్న ఓగారా మీదికి వంగి ముఖంలో ముఖం పెట్టి అరిచాడు. ఐర్లాండ్‌లో ఆ ఫొటో చూడని రగ్బీ అభిమాని ఉండడు. ఓగారా ఆడే పదో నంబరు స్థానానికి వారసుడు ఆ కుర్రాడే.

జూన్ 27న దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా. దక్షిణాఫ్రికాతో మ్యాచ్‌లో, బ్రిటన్, ఐర్లాండ్ ఆటగాళ్ళు కలిసి ఆడే లయన్స్ జట్టుకి ఓగారా సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. దక్షిణాఫ్రికా ఆటగాడు జాక్ ఫూరీ అతన్ని గుద్ది దాటుకుపోయి ట్రై చేశాడు. ఆ తర్వాత లయన్స్ పెనాల్టీతో స్కోరు 25-25 అయింది, ఇంక ఆట అయిపోవస్తోంది. అప్పుడు ఓగారా బంతిని పైకి తన్ని, దాని వెంట పరిగెత్తి, గాల్లో ఉన్న ఇంకో దక్షిణాఫ్రికా ఆటగాడు ఫూరీ డు ప్రీజ్‌ని ఢీకొట్టాడు. పెనాల్టీ. మోర్నే స్టెయిన్ తమ సగంలోంచి కొట్టాడు. 28-25. సిరీస్ పోయింది.

కార్డిఫ్ నుంచి ప్రిటోరియాకి వంద రోజులు కూడా లేదు. నీ వ్యాసంలో కార్డిఫ్ ఉంది, మిగతా రెండూ లేవు. ఎందుకు తీసేశావు? అభిమానం కొద్దీ తీసేశావని నాకు అనుమానం. అభిమానం ఉండొచ్చు. అది ఇంట్లో పెట్టుకో.

ఇప్పుడు ఆ ఆరేళ్ళు. 2013లో ఆట మానేశాక అతను పారిస్‌లో రాసింగ్ మెట్రో క్లబ్‌లో చేరాడు, కాలి తన్నులు నేర్పే సహాయ కోచ్‌గా. సొంత ఊరు కార్క్‌లో అతను పెద్ద హీరో. పారిస్‌లో తన భాష కూడా నడవదు, ఫ్రెంచ్ నేర్చుకోవాలి. సహాయ కోచ్ అంటే పేపర్లో పేరు రాని ఉద్యోగం. పైగా ఆ వేసవిలోనే ఆటగాడిగా అదే క్లబ్‌కి వచ్చిందెవరో తెలుసా? సెక్స్‌టన్. ముఖంలో ముఖం పెట్టి అరిచినవాడికి, నాలుగేళ్ళ తర్వాత అతని తన్ను ఎక్కడ తేడా వస్తోందో పక్కన నిలబడి చెప్పడం ఓగారా పని. తమ్ముడూ, నీ వ్యాసానికి ఇంట్రో ఇది. పుట్టిన తేదీతో ఎందుకు మొదలుపెట్టావు? అమెరికాలో శాన్ డీగోలో పుట్టాడన్నది సరదా విషయమే, ఎక్కడైనా ఒక మూల వేసెయ్.

కొన్నాళ్ళకి అదే క్లబ్‌లో అతనికి డిఫెన్స్ కోచ్ బాధ్యత కూడా వచ్చింది. ఇది చదివి నేను నవ్వాను. ఆడే రోజుల్లో ఓగారాకి ట్యాకిల్, అంటే బంతితో వచ్చేవాణ్ణి పట్టి పడేయడం, బలహీనత అని పేరు. అవతలి జట్లు అతని వైపే బలమైనవాళ్ళని పరిగెత్తించేవి, ప్రిటోరియాలో జాక్ ఫూరీ చేసిందీ అదే. అలాంటివాడు ట్యాకిల్స్ నేర్పడం! కానీ కాస్త ఆలోచించు. గుద్దించుకున్నవాడికే ఏ సందులోంచి వస్తారో తెలుస్తుంది. ఇది నా ఊహ, అతను అన్నమాట కాదు. నువ్వు వాడుకుంటే ఊహ అనే వాడుకో. 2016లో ఆ జట్టు ఫ్రాన్స్ లీగ్ గెలిచింది. ఫ్రాన్స్‌లో స్టేడియాలు యూరో ఫుట్‌బాల్‌కి ఇచ్చేయడంతో ఫైనల్‌ని బార్సిలోనాలో పెట్టారు.

2018లో కుటుంబాన్ని తీసుకుని భూగోళం అవతలికి, న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌కి వెళ్ళాడు. క్రూసేడర్స్ జట్టు. అక్కడా సహాయ కోచే. హెడ్ కోచ్ స్కాట్ రాబర్ట్‌సన్ కూడా పాత ఆటగాడే, టైటిల్ గెలిస్తే మైదానంలో బ్రేక్ డాన్స్ చేసే రకం. 2018, 2019 రెండేళ్ళూ వాళ్ళాడే సూపర్ రగ్బీ లీగ్ టైటిల్ వాళ్ళదే. నలభై దాటిన మనిషి, అప్పటికి ఐర్లాండ్‌కి అందరికంటే ఎక్కువ పాయింట్లు కొట్టినవాడు, ఇంకొకరి కింద పనిచేయడానికి అంత దూరం ఎందుకెళ్ళాడు? న్యూజిలాండ్‌వాళ్ళు బంతిని చేతుల్లో ఆడించే పద్ధతే వేరు. ఆ పద్ధతి దగ్గర్నుంచి చూడ్డానికే వెళ్ళాడని నా లెక్క. వ్యాసానికి నడుము ఇది. దీనికి కనీసం మూడు పేరాలియ్యి.

అందులో ఒక పాత మ్యాచ్ దూర్చు. నవంబర్ 2011, లిమరిక్‌లో మన్‌స్టర్, నార్తాంప్టన్. మన్‌స్టర్ ఓడిపోతోంది, ఎనభై నిమిషాలూ దాటిపోయాయి. బంతి పోతే ఆట ఖతం. వాళ్ళు బంతి పట్టుకోవడం, పడిపోవడం, లేచి మళ్ళీ అందుకోవడం. దాన్ని ఒక ఫేజ్ అంటారు. అలా 41 ఫేజులు. ఓగారా వెనకాల చోటు మార్చుకుంటూ కాచుకుని ఉన్నాడు. చివరికి బంతి వచ్చింది, డ్రాప్ గోల్ కొట్టాడు, 23-21. పేపర్లన్నీ ఆ తన్ను గురించే రాశాయి, నేనూ అదే రాశాను. ఆ 41 సార్లు బంతిని బతికించినవాళ్ళ సంగతి అప్పుడు నాకూ తట్టలేదు. కె.బి.ఎ. అన్న మాట విన్నాక ఆ మ్యాచ్ వీడియో మళ్ళీ పెట్టుకుని చూశాను. ఈసారి నా కళ్ళు అతని మీద లేవు.

ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో లా రోషెల్ ఆడిన యూరప్ క్లబ్బుల కప్పు ఫైనల్ నువ్వు బాగా రాశావు, కానీ లెక్క వదిలేశావు. 28 మే 2022. అవతల లెన్‌స్టర్, అందులో మళ్ళీ సెక్స్‌టన్. లెన్‌స్టర్ 21 పాయింట్లూ పెనాల్టీలే, ఏడు తన్నులు. ఒక్క ట్రై లేదు. లా రోషెల్ మూడు ట్రైలు చేసింది. మూడోది చివరి నిమిషాల్లో. అప్పటికి స్కోరు 17-21. పెనాల్టీ కొట్టినా మూడే వస్తాయి, చాలవు. గీత ముందు బంతిని పట్టుకుని గుద్దుతూనే ఉన్నారు, చివరికి ఆర్థర్ రెటియెర్ చెయ్యి చాచి గీతకి ఆనించాడు. 24-21. 1898లో పుట్టిన క్లబ్‌కి అదే మొదటి పెద్ద కప్పు. కాలితో ఆడిన జట్టు ఓడింది, కాలితో బతికినవాడి జట్టు చేతులతో గెలిచింది. ఈ వాక్యం నువ్వు రాయకు, కొంచెం సినిమా డైలాగులా ఉంది. అంకెలు పక్కపక్కన పెట్టు చాలు, చదివేవాడికి తెలివుంది.

2023 ఫైనల్ ఒక్క వాక్యంలో తేల్చెయ్: డబ్లిన్‌లో అదే లెన్‌స్టర్ మీద 0-17 నుంచి లేచి 27-26. ఓటములు కూడా రాయి. 2021లో, 2023లో ఫ్రాన్స్ లీగ్ ఫైనల్స్ రెండూ తులూజ్ చేతిలో పోయాయి. ఆ తర్వాత రెండు సీజన్లు కప్పు లేకుండానే గడిచాయి. రిఫరీల మీద నోరు పారేసుకుని సస్పెండైన సంగతీ వదలకు. ఒకసారి కాదు, చాలాసార్లు. నోరు కట్టేసుకోలేని మనిషి అతను, అలాగే చూపించు.

ఒకచోట మాత్రం గట్టిగా కోప్పడాలి. "ప్రిటోరియా గాయం అతన్ని రాత్రుళ్ళు నిద్రపోనివ్వలేదు" అని నువ్వు రాస్తావేమోనని భయం. మార్సెయ్ దగ్గర అలాంటిదే ఒకటి రాశావు మరి: "ఆ క్షణాన అతని మనసులో పాత జ్ఞాపకాలు మెదిలాయి." నువ్వు వెళ్ళి చూశావా? నేను ఒకప్పుడు ఒక వాలీబాల్ ఆటగాడి గురించి, ఫైనల్ ఓడిపోయాక, "ఆ రాత్రి అతనికి కునుకు పట్టలేదు" అని రాశాను. మర్నాడు ఫోన్ చేశాడు. "సార్, బిర్యానీ తిని పదింటికే పడుకున్నాను. మా అమ్మ పేపర్ చదివి ఒకటే ఏడుపు, మీరే ఏదో ఒకటి చెప్పండి" అన్నాడు. వాళ్ళమ్మగారితో పది నిమిషాలు మాట్లాడాల్సి వచ్చింది.

వచ్చే ఆదివారంలోగా తిరగరాసి పంపు. ఎంత పొడుగొచ్చినా పర్లేదు, కత్తిరించే పని నేను చూసుకుంటాను. పారిస్‌తో మొదలుపెట్టు. అన్నట్టు, నీ కాపీలో పేరు ఒకచోట "ఓగారా", ఇంకోచోట "ఓ గారా" అని ఉంది. రెండోది వెంటనే కలిపెయ్.

ఇట్లు,
మీ అన్నయ్య