స్క్రూ ఎవరో విప్పారని తెలిసేదెలా?

ప్రశ్న: హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్నాను. సెలవులకు ఊరెళ్లి వచ్చేసరికి నా కంప్యూటర్‌లో 16 జీబీ ర్యామ్ కాస్తా 8 అయింది. సీపీయూ డబ్బా స్క్రూ మీద స్టిక్కర్ మాత్రం చెక్కుచెదరలేదు. మళ్లీ ఊరెళ్లాలంటే టెన్షన్‌గా ఉంది. స్క్రూల మీద గోళ్లరంగు పూయమంటున్నారు. పనిచేస్తుందా సార్?
– ఒక విద్యార్థిని

జవాబు: పనిచేస్తుందమ్మా, పూసే తీరులో పూస్తే. ముందు ఆ స్టిక్కర్ మీద నమ్మకం వదిలేయండి. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే జిగురు మెత్తబడి, ఇలాంటివి చాలావరకు చినగకుండానే లేచొస్తాయి. పని కాగానే మళ్లీ అంటించేయొచ్చు. చినిగినా అలాంటిదే ఇంకొకటి తెస్తారు. కరెంటు మీటర్ సీళ్ల మీద నంబరు వేసేది అందుకే. దాన్ని తీసి వేరేది వేస్తే నంబరు పట్టిస్తుంది.

గోళ్లరంగులో కూడా మామూలు ఎరుపు వద్దు. గోళ్లరంగు చెరిపే ఎసిటోన్‌తో తుడిచేసి అదే రంగు పూసేస్తారు. తళుకులు కలిసిన రంగు కొనండి, చిన్నా పెద్దా తళుకులు కలగలిసి ఉంటే మరీ మంచిది. ఆరేటప్పుడు అవి ఎక్కడ పడితే అక్కడ, ఎటు పడితే అటు ఆగిపోతాయి. పూసిన చేతికే మళ్లీ ఆ అమరిక రాదు. 2013 డిసెంబరులో జర్మనీలోని హాంబర్గ్‌లో కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్ అనే హ్యాకర్ల సమావేశం జరిగినప్పుడు కంప్యూటర్ భద్రతా నిపుణులు ఎరిక్ మిచో, రయన్ లాకీ తమ ప్రసంగంలో ఈ పద్ధతినే చెప్పారు.

చాలామంది స్క్రూ తల మీద ఒక చుక్క పెట్టి ఊరుకుంటారు. స్క్రూ తిరిగితే ఆ చుక్కా దాంతోపాటే తిరుగుతుంది, పగలదు. స్క్రూడ్రైవర్ పెట్టే గాడి నిండాలి, రంగు తల అంచు దాటి చుట్టూ ఉన్న రేకు మీదికి పాకాలి. పక్క మూత స్క్రూలన్నిటికీ పూయండి. గాలి వెళ్లే రంధ్రాలకు మాత్రం అంటనివ్వకండి.

బాగా ఆరాక ప్రతి స్క్రూనీ దగ్గరగా ఫొటో తీయండి. అసలు సీల్ ఆ ఫొటోయే అంటాను నేను. దాన్ని ఆ కంప్యూటర్‌లో దాచకండి, మీ వెంట ఉంచుకోండి. తిరిగొచ్చాక అదే కోణంలో, అదే వెలుతురులో మళ్లీ తీసి, రెండింటినీ ఫోన్‌లో ముందుకీ వెనక్కీ వేగంగా మార్చి చూడండి. తేడా ఉన్నచోట తళుకు గెంతినట్టు కనిపిస్తుంది. 1930లో ఖగోళ శాస్త్రవేత్త క్లైడ్ టాంబా ప్లూటోను పట్టుకున్నది ఇలా రెండు ఫొటోలను మార్చి మార్చి చూసే.

ఈ రంగు దొంగను ఆపలేదు. చెయ్యి పడిందని చెబుతుంది, అంతే. ఎవరిదో చెప్పదు. కాబట్టి ర్యామ్ మీది సీరియల్ నంబరు కూడా రాసిపెట్టుకోండి. ఊరి నుంచి రాగానే కంప్యూటర్ ఆన్ చేయకముందే ఫొటోలు పోల్చండి. తేడా కనిపిస్తే మీరు మూత విప్పకుండా వార్డెన్‌ను పిలిచి, వాళ్ల ఎదుటే విప్పించండి.