గొప్ప రేసింగ్ డ్రైవర్ మంచి టీమ్ ఓనర్ కూడా అవుతాడా?

కావాలనేం లేదండి. ఎండ్యూరెన్స్ రేసింగ్, అంటే డ్రైవర్లు మారుతూ గంటల తరబడి నడిపే రేసులున్నాయి కదా, వాటిలో ఫ్రాన్స్‌లో జరిగే లీమాన్స్ 24 గంటల రేసునే చూడండి. ఫ్రాన్స్‌కు చెందిన ఆన్రీ పెస్కరోలో డ్రైవర్‌గా దాన్ని నాలుగుసార్లు గెలిచాడు: 1972, 73, 74, 84. సొంత టీమ్ పెట్టాక మాత్రం గెలుపు దక్కలేదు. జర్మనీకి చెందిన రైన్‌హోల్డ్ యోస్ట్ డ్రైవర్‌గా 1980లో రెండో స్థానం దాకా వచ్చాడంతే. సొంత టీమ్‌తో 1984, 85, 96, 97లో గెలిచాడు. 84లో ఆయన కారు నడిపిన ఇద్దరిలో ఒకరు పెస్కరోలోనే!

నాకు బాగా ఇష్టమైంది 1985 రేసు. పోర్షే కంపెనీ స్వయంగా కొత్త 962 కార్లతో దిగింది. అప్పట్లో రేసు మొత్తానికి కారుకి ఇంత అని పెట్రోలు కోటా. యోస్ట్ దగ్గరున్నది అంతకుముందు ఏడాది గెలిచిన పాత పోర్షే 956. మొదటి గంటల్లో ఆ కారు, ఇంకో ప్రైవేట్ టీమ్ కారు వంతులేసుకుని ఒకదాని వెనక ఒకటి గాలి చాటున పరిగెత్తి పెట్రోలు మిగుల్చుకున్నాయి. చివరికి కంపెనీ కార్లు వెనకబడ్డాయి.

నేను ఆకివీడు నుంచి హౌరాకి చేపల లారీ నడిపి, తర్వాత బండి కొనుక్కున్నవాణ్ణి. ఐసు కరిగేలోగా సరుకు చేరాలి, ఇద్దరు డ్రైవర్లు మారుతూ పోవాలి. నడిపినన్నాళ్లూ రోడ్డు చూసుకుంటే సరిపోయేది. ఇప్పుడు బండి కదిలే ముందు జాకీ రాడ్డుతో ప్రతి టైరూ కొట్టి వింటాను. గాలి ఉన్నది ఖంగుమంటుంది, తగ్గినది మొద్దుగా పలుకుతుంది. జంట చక్రాల్లో లోపలి టైరు కంటికి మోసం చేస్తుంది, చప్పుడుకే దొరుకుతుంది. ఎవరికి తెల్లవారుజామున కునుకొస్తుందో, ఎవరి చేతిలో మైలేజీ పడిపోతుందో తెలిసుండాలి, దాన్నిబట్టే ఒడిశాలో రాత్రి బండి ఎవరికివ్వాలో చెప్పాలి. అన్నిటికన్నా కష్టం, ఫోన్లో బండి నెమ్మదిగా కదులుతుంటే 'నేనైతే ఈపాటికి భువనేశ్వర్ దాటేసేవాణ్ణి' అనిపించినా డ్రైవరుతో అనకుండా ఉండడం. అంటే టెన్షన్‌లో తొక్కేస్తాడు. బాగా నడిపినవాడికే ఈ ఓర్పు మరీ కష్టం.

అలాగని పెస్కరోలోని ఓడిపోయిన ఓనర్ అనకండి. 2005లోనూ 2006లోనూ ఆయన టీమ్‌ది రెండో స్థానం, అదీ ఆడి కార్ల మీద. 2006లో ఆయన కన్నా ముందు గీత దాటిన ఆడి డీజిల్ కారుని చూసుకున్నది యోస్ట్ టీమే.