ఇంటిని మూడు పోర్షన్లు చేసి అద్దెకిస్తే కరెంటు, నీళ్లు ఎలా ప్లాన్ చేయాలి?

గోడలు కట్టకముందే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. విశాఖలో కరెంటు ఈపీడీసీఎల్ అనే విద్యుత్ పంపిణీ సంస్థది, వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరిగే శ్లాబులు కాబట్టి మూడు కుటుంబాలు ఒకే మీటరు మీద ఉంటే బిల్లు పైశ్లాబులోకి పోతుంది, ఆపైన పంచుకోవడంలో నెలనెలా గొడవ. పోర్షన్‌కో మీటరు పెట్టించండి, మోటారుకీ మెట్ల లైట్లకీ ఇంకోటి. ముఖ్యంగా న్యూట్రల్ వైర్లు (కరెంటు తిరిగి వెళ్లే వైర్లు) కూడా ఏ పోర్షన్‌వి ఆ పోర్షన్‌కే విడిగా లాగించాలి. పాత ఇళ్లలో అన్నీ కలిపేసి ఉంటాయి, అలాగే వదిలేస్తే ఆర్సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) ఊరికే పడిపోతుంటుంది.

నీళ్లకి జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) కనెక్షన్ ఒకటే సంపులోకి తీసుకున్నా, పైన ట్యాంకు నుంచి పోర్షన్‌కో లైను, దానికో వాల్వు ఉండాలి, లేకపోతే ఒకరి కుళాయి రిపేరుకి అందరికీ నీళ్లు బంద్. సెప్టిక్ ట్యాంకైతే సైజు సరిపోతుందో ముందే చూసుకోండి.