నొప్పి తగ్గాక కూడా నెలకోసారి కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్తూనే ఉండాలా?

అడిగినవారు బెంగళూరులోనే ఉంటున్నారట, నడుం నొప్పి తగ్గిందట, అయినా కైరోప్రాక్టర్ (చేత్తో వెన్ను, కీళ్ళు నొక్కి సర్దే ఆయన) క్లినిక్‌లో "జీవితాంతం మెయింటెనెన్స్ కావాలి" అంటున్నారట. ఈ ప్రశ్నకి నేను 36,000 రూపాయలు ఫీజు కట్టి జవాబు నేర్చుకున్నాను, కాబట్టి చెప్పే హక్కు నాకుంది.

మూడేళ్ళ కిందట, మారతహళ్ళిలో మా వంటిల్లు. ఉగాది ముందు రోజు. కుక్కర్ వెయిట్ చెయ్యి జారి గ్యాస్ సిలిండర్ వెనక్కి దొర్లిపోయింది. తీద్దామని వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను. నడుం పట్టేయడం అంటే అప్పటిదాకా పెద్దవాళ్ళ మాటే అనుకున్నా. ఊపిరి గట్టిగా పీల్చినా పోటు. వెయిట్ మాత్రం జానెడు దూరంలో, గోడవారన జిడ్డులో, నన్నే చూస్తూ ఉంది.

మా అత్త పండక్కని ప్రొద్దుటూరు నుంచి వచ్చి ఉంది. డాక్టరు అనలేదు, మాత్ర అనలేదు. "ఈ బిల్డింగులో కాళ్ళు ముందొచ్చి పుట్టినోళ్ళు ఎవరన్నా ఉండారా?" అనింది. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు కాలితో తాకితే నడుం వదులుతుందని మా వైపు నమ్మకం. ఆమెకు కన్నడం రాదు, కిందింటామెకు తెలుగు రాదు, ఇద్దరూ కాన్పుల గురించి ఏ భాషలో మాట్లాడుకున్నారో దేవుడికే తెలియాలి. అరగంటలో రెండో ఫ్లోర్ పిల్లోడిని, తొమ్మిదో క్లాసు, పట్టుకొచ్చింది. వాడు "సారీ ఆంటీ, సారీ ఆంటీ" అంటూ సాక్సు కాలితో నా నడుం మీద మూడుసార్లు తాకించి, లిఫ్ట్ కోసం కూడా ఆగకుండా మెట్ల మీద పరుగు. నాకేమో నవ్వొస్తోంది, నవ్వితే ప్రాణం పోతోంది.

వారం తర్వాత ఆఫీసులో ఎవరో చెబితే కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్ళా. క్లినిక్ పేరు వద్దులెండి. ఎక్స్‌రే వెలుతురులో పెట్టి, దాని మీద స్కేలుతో గీత గీసి, "చూడండి, వెన్ను పక్కకు వాలింది" అన్నాడాయన. అలా గీత గీస్తే ఎవరి వెన్నయినా వాలినట్టే కనిపిస్తుంది. బోర్లా పడుకోబెట్టి తుంటి దగ్గర ఒక్క నొక్కు నొక్కాడు. దబ్బుమని చప్పుడు. పక్కకెళ్ళిన ఎముక వచ్చి కూర్చుంది కాబోలని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాలుగోసారి వెళ్ళినప్పుడు, నన్ను లేచి కూర్చోమని ఆయన ఖాళీ బల్లని సరిచేస్తూ ఓ నొక్కు నొక్కాడు. అదే దబ్బు! చప్పుడు చేసింది నా నడుము కాదు, బల్ల. అది ముక్కలు ముక్కలుగా ఉంటుంది, నొక్కగానే ఓ ముక్క కొంచెం కిందికి పడుతుంది. ఎక్కువ బలం పెట్టకుండా చేసే పద్ధతే అది, మోసమనను. కానీ నా కన్నీళ్ళు బల్లకి పోయాయి కదా.

ఇక ఒంట్లోంచి నిజంగా వచ్చే "టక్" ఉంటుంది చూశారూ, అది మెటికలు విరిస్తే వచ్చేదే. కీలు మధ్య ద్రవంలో ఏర్పడే గ్యాస్ బుడగ. ఎముక జారడమూ లేదు, సర్దుకోవడమూ లేదు. అసలు ఈ వైద్యం 1895లో అమెరికాలో, అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ మొదలెట్టినప్పుడు మొదటి పేషెంటు హార్వీ లిల్లార్డ్‌కి ఉన్నది నడుం నొప్పి కాదు, చెవుడు. వెన్ను సర్దితే వినికిడి వచ్చిందని పామర్ చెప్పుకున్నాడు. ఆ వాసన ఇంకా పోలేదు. నేను వెళ్ళిన చోట గోడ మీద వెన్నుపూసల బొమ్మ, ఒక్కో పూస పక్కన ఆస్తమా, గ్యాస్, నిద్రలేమి అని రాసి ఉంది. మా అత్త బీపీ ఏ పూసలో ఉందో అడుగుదామనుకుని ఊరుకున్నా.

నొప్పి తగ్గిందా అంటే తగ్గింది. మామూలు పట్టు చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుందని తర్వాత తెలిసింది. మా అత్త లెక్కలో మాత్రం తగ్గించింది రెండో ఫ్లోర్ పిల్లోడే.

తగ్గిన రోజే ప్యాకేజీ ముందు పెట్టారు. 24 సిట్టింగులు, ముందే కడితే డిస్కౌంట్. "పళ్ళు రోజూ తోముకుంటారు కదా మేడమ్, మరి వెన్ను?" ఆ మాటకి పడిపోయి కట్టేశా. ఎనిమిదింటితో మానేస్తే రీఫండ్ లేదన్నారు, ఇంట్లోవాళ్ళెవరికైనా వాడుకోమన్నారు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. 2018లో స్వీడన్ పరిశోధన ఒకటి వచ్చింది, 328 మంది మీద. నొప్పి వచ్చినప్పుడే వెళ్ళినవాళ్ళకన్నా, ముందే అనుకున్న ప్రకారం వెళ్ళినవాళ్ళకి ఏడాదిలో నడుం నొప్పితో ఇబ్బందిపడే రోజులు దాదాపు 13 తగ్గాయి. ఇందుకు వాళ్ళు అదనంగా వెళ్ళింది సగటున రెండుసార్ల లోపే, 24 సార్లు కాదు! పైగా వాళ్ళంతా మాటిమాటికీ నడుం పట్టేసేవాళ్ళు, మొదటి సిట్టింగుల్లోనే గుణం కనిపించినవాళ్ళు. మీరు అలాంటివారైతే రెండు మూడు నెలలకోసారి వెళ్ళండి, ఏ పూటకాపూట డబ్బులిచ్చి రండి. నొప్పే లేకపోతే దేనికండీ?

మెడ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి. మెడ విసురుగా తిప్పితే అరుదుగానైనా రక్తనాళం చిరిగి పక్షవాతం దాకా వెళ్ళొచ్చు. మా ఆయన సెలూన్‌లో కటింగ్ అయ్యాక మెడ విరిపించుకుని "హాయిగా ఉంటుందే" అంటాడు. చెప్పీ చెప్పీ నోరు నొప్పి. అలాగే కాళ్ళు తిమ్మిరెక్కి బలం తగ్గినా, ఒంటేలు పట్టు తప్పినా కైరో, ఫిజియో ఏదీ వద్దు, నేరుగా ఆస్పత్రికి పోండి.

ఇప్పుడు నేను చేసేదల్లా నడక. ఫిజియో అమ్మాయి రోజూ నలభై నిమిషాలు నడవమంది, ఎక్కడ నడవాలో చెప్పలేదు. మా వీధి ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన పానీపూరీ బండి, తర్వాత రాయి లేచిపోయిన గుంత, అన్నీ దాటితే వెనకనించి హారన్ కొడుతూ స్కూటీ. స్కూటీ మీద పోదామంటే రంగు వేయని హంపులు, ఒక్కోటి ఒక్కో వెన్నుపూసని పలకరిస్తుంది. అందుకే మిద్దె మీద, వాటర్ ట్యాంకు చుట్టూ తిరుగుతున్నా. మూడేళ్ళలో నడుం రెండేసార్లు పట్టేసింది.

ఆ పిల్లోడు ఇప్పుడు పీయూసీ. లిఫ్ట్‌లో కనిపిస్తే తల దించుకుని తన బూట్లే చూసుకుంటాడు. మా అత్త వచ్చినప్పుడల్లా వాడికని డబ్బా నిండా కజ్జికాయలు తెస్తుంది, మాకు మిగిలితే మిగిలినట్టు.